సబ్బునురగను నమ్మిన మనిషి

పోయిన నెల రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. కువైట్‌లో నాతోపాటు ఒకే ఇంట్లో పనిచేసిన డ్రైవరు బాబాయి చనిపోయారని ఆయన కూతురు చెప్పింది. గుండెనొప్పట, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. నేను ఏడవలేదు. "అయ్యో" అన్నాను, ఎప్పుడని అడిగాను, ఫోన్ పెట్టేసి పొయ్యి మీది పాలు దించాను.

మాది కోనసీమ. జహ్రాలో ఒక కువైటీ కుటుంబానికి తొమ్మిదేళ్లు వండిపెట్టాను. ఆయన నాకంటే ముందు నుంచీ ఆ ఇంటి డ్రైవరు. చుట్టరికం ఏమీ లేదు. నేను బాబాయ్ అన్నాను, ఆయన పాపా అన్నారు, అంతే. చలి మొదలవగానే ఆ ఇంటివాళ్లు ఎడారిలో క్యాంపు వేసేవారు. గుడారాలు, వాటి పక్కన చక్రాల మీద వంటగది కారవాన్. వాళ్లకది సరదా. నాకు అదే వంటిల్లు, అదే పడకగది.

ఎండాకాలమంతా ఆ కారవాన్ పెరట్లో ఎండకి మాడేది. గ్యాసు రబ్బరు గొట్టం అప్పడంలా పెళుసెక్కేది, బర్నర్లలో ఇసుకా సాలీడు గూళ్లూ పేరుకునేవి. క్యాంపుకు వారం ముందు బాబాయి ఒక పూటంతా దాని దగ్గరే కూర్చునేవారు. గొట్టం మార్చి, వాషర్లు మార్చి, బర్నర్లు విప్పి దులిపి, చివరికి గడ్డం గీసుకునే పాత బ్రష్షుతో ప్రతి అతుక్కీ సబ్బునురగ పూసేవారు. పూసి, చేతులు కట్టుకుని చూస్తూ ఉండేవారు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంతసేపు చూడరు.

"లీకైతే వాసనొత్తాది కదండీ బాబాయ్, ఇదంతా ఎందుకండీ?" అన్నాను మొదటేడు.

"ముక్కుకు జలుబు చేస్తాది పాపా. సబ్బుకు చేయదు."

రెండో ఏడు నేలవారగా ఉన్న గాలి కన్నాల్లోంచి చలి కొడుతోందని పాత తువ్వాలు కుక్కి పడుకున్నాను. పొద్దున టీకి వచ్చి అది చూశారు. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

"ఎవురు మూసింది దీన్ని?"

"చలి చంపేత్తందండీ. గ్యాసు వచ్చినా పైన కిటికీలోంచి పోద్ది కదండీ!"

"గ్యాసు పొగ మాదిరి పైకి పోదు పాపా. నీళ్ల మాదిరి కిందికి దిగుతాది. కింద చాప మీద పండుకునేది ఎవురు? వాళ్లా, నువ్వా?"

తువ్వాలు లాగేశాను. ఆ సాయంత్రమే తన దుప్పటి తెచ్చి నాకిచ్చారు. మా యజమానురాలిని, మేమంతా మామా అనేవాళ్లం, అడిగి మడత మంచం కూడా ఇప్పించారు. నాకోసం ఒకరు నోరు తెరిచి అడగడం ఆ దేశంలో నేనెరగను. ఆ సంగతి ఆయనతో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

నాలుగో ఏడు బాబాయి తన కూతురి పెళ్లికి సెలవు మీద వెళుతూ బ్రష్షు నా చేతిలో పెట్టారు. ఆ ఏడు కారవాన్‌ని అల్ రాయ్‌లో ఎవరో షెడ్డువాడు బాగుచేసి పంపాడు. క్యాంపులో మొదటి రోజు, మధ్యాహ్నానికే చుట్టాలు దిగారు. నాకు పీకలదాకా జలుబు. పొయ్యి వెలిగించబోయి, ముందు బయటికెళ్లి సిలిండరు మెడకి నురగ పూశాను. బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది.

"యల్లా, చాయ్!" అని మామా తొందరపెట్టింది.

"లా, మామా. గ్యాస్ లీక్" అన్నాను, కుదరదని.

చుట్టాలావిడ వచ్చి ముక్కు ఎగబీల్చి, ఎడారి గాలిలో ఏ వాసనా లేదంది. చుట్టాల ముందు మామాకి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడే వెలిగించకపోతే నన్ను తెచ్చిన ఏజెంటు ఆఫీసుకి తిరిగి పంపేస్తానంది. అలా తిరిగి వెళ్లినవాళ్ల గతి నాకు తెలుసు. ఊళ్లో ఇద్దరు పిల్లలు నా జీతం మీద చదువుకుంటున్నారు. అయినా వాల్వు కట్టేసి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని, రాయచోటికి ఫోన్ చేశాను. వెనక సన్నాయి వినిపిస్తోంది.

"నురగ ఎంత లావు లేస్తాంది పాపా?"

"సెనగ్గింజంత అండీ."

"ఖలాస్. వెలిగించాకు. ఫోను మామాకు ఇయ్యి."

ఆయన అరబీలో ఏం చెప్పారో తెలియదు. మామా వచ్చి సిలిండరు ముందు వంగింది. వాల్వు తెరిచి మళ్లీ నురగ పూశాను. రెండు బుడగలు ఆవిడ కళ్లముందే లేచాయి. తనే వెళ్లి కట్టెలు పట్టుకొచ్చింది. ఆ రోజు చాయ్ బయట మంట మీద కాచాను. సెలవు నుంచి తిరిగొచ్చిన బాబాయికి బ్రష్షు ఇవ్వబోతే తీసుకోలేదు. "నీకాడనే ఉండనీ" అన్నారు.

మొన్న నేనే ఆయన కూతురికి ఫోన్ చేశాను. ఈ సబ్బు కథ చెబితే ఆ పిల్ల నవ్వింది. "మా నాయనకు చిన్నప్పటి నుంచీ వాసనే తెలీదు కదక్కా. బయట చెప్పుకోవాలంటే ఆయనకు సిగ్గు."

తొమ్మిదేళ్లు ప్రతి శుక్రవారం నేను చేపల పులుసు పెట్టాను. ప్రతి శుక్రవారం ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "గేటుకాడికి వస్తాంది పాపా, వాసన!" అన్నారు. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది, చాలాసేపు.

నిన్న ఇక్కడ మా ఊళ్లో ఇంటికి కొత్త సిలిండరు వచ్చింది. తెచ్చినతను బిగించి, వాసన చూసి, ఏం లేదమ్మా అని వెళ్లిపోయాడు. నేను బ్రష్షు తడిపి రెగ్యులేటరు మెడకి నురగ పూశాను. బుడగ లేవలేదు. చేతులు కట్టుకుని, ఆ నురగ ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.