శనివారం దిగే మెట్లు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ముందుగా చెప్పింది ఖిదిర్‌పూర్‌లో ఆవిడ కింది వాటాలో ఉండే బెంగాలీ పిన్నిగారు, మా కాకీమా. శుక్రవారం పొద్దున్న కుళాయి దగ్గర బకెట్ల వరసలో పెద్దమ్మ బకెట్టు కనపడకపోయేసరికి కోడల్ని పైకి పంపిందట. పెద్దమ్మ మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉందట. దుప్పటి కూడా చెదరలేదట. ఇవన్నీ వరసగా చెప్పి, ఫోను పెట్టెయ్యకుండా, "ఆడి ఛిలో రే, మామోని. ఆడి ఛిలో," అని ఏడ్చింది.

బెంగాలీ పిల్లలు 'నీతో మాట్లాడను ఫో' అనుకుంటే దాన్ని ఆడి అంటారు. మళ్ళీ కలిసిపోతే భాబ్. డెబ్భై దాటిన మనిషి, తన ఈడు మనిషి పోయిన పొద్దున్న నాతో చెప్పుకున్న దుఃఖం అదీ. మా ఇద్దరికీ మాటల్లేవమ్మా, తేల్చుకోకుండానే వెళ్ళిపోయింది అని.

ఇది చదివే మీలో చాలామందికి ఆవిడ తెలియదు. కాకీమా బాధ ఏమిటో అర్థం కావాలంటే ముందు మీకు పెద్దమ్మ శనివారాల సంగతి చెప్పాలి.

ఆవిడ మా అమ్మకి అక్క. పెళ్ళైన ఏడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, రేవులో క్రేను నడిపే పెదనాన్నతో ఆ పై వాటాలో కాపురం పెట్టింది. పిల్లల్లేరు. మాది నది అవతల లిలువా, నాన్నకి రైల్వే వర్క్‌షాపులో పని. హౌరా వంతెన మీద బస్సు ఇరుక్కుంటే నేను కాలేజీకి చేరేసరికి రెండో పీరియడు అయిపోయేది. అందుకని డిగ్రీ మూడేళ్ళూ నన్ను పెద్దమ్మ దగ్గర ఉంచారు.

ఆవిడ శాంతమూర్తి అని రాస్తే పైనుంచి ఆవిడే పకపకా నవ్వుతుంది. చేపలవాడితో, బస్సు కండక్టరుతో, మా చర్చి సంఘంలో పాటలు ఎత్తుకునే ఆయనతో, ఎవరితో పడితే వాళ్ళతో తగువు పెట్టుకునేది. కాకీమాతో అయితే రోజూ. కుళాయి దగ్గర ఎవరి బకెట్టు ముందు అన్నది ఏడాది పొడుగునా ఉండే తగువు. చలికాలం వస్తే ఇంకోటి. కాకీమా వాకిట్లో పళ్ళేల నిండా పప్పు వడియాలు పెట్టేది, వాళ్ళు బొడి అంటారు. సరిగ్గా వాటి మీదుగా పై వరండా తీగ మీద పెద్దమ్మ తడిచీర ఆరేసేది.

"వాకిలి అంతా వదిలి నా చీర కిందే పెట్టాలా ఈవిడికి?"

"ఎండ అక్కడే ఉంది కదా పెద్దమ్మా."

"ఎండ దేవుడిది. ఈవిడ తాతదా ఏటి?"

ప్రభు సంస్కారాన్ని మా సంఘంలో బల్ల అంటాం. నెలలో మొదటి ఆదివారం బల్ల. ఎవరితోనైనా మాటల్లేకపోతే వెళ్ళి సమాధానపడ్డాకే రొట్టె ముట్టుకోవాలని అయ్యగారు ముందువారమే హెచ్చరించేవారు. అందరం తలలూపేవాళ్ళం. పెద్దమ్మ మాత్రం ఆ మాటని రేషను రోజంత ఖచ్చితంగా పట్టించుకునేది. శనివారం మధ్యాహ్నానికి బల్లకి కట్టుకునే తెల్లచీర ఉతికి గంజి పెట్టడం అయిపోయేది. సాయంత్రం తల దువ్వుకుని, నెలంతా పోగేసిన తగువులు ఒక్కొక్కటీ తీర్చుకోవడానికి బయల్దేరేది. చేపలవాడి దగ్గరికి వెళ్ళినా, పాటలాయన దగ్గరికి వెళ్ళినా, చివరికి వచ్చేది కాకీమా గుమ్మం దగ్గరికే.

"దిది, కాల్ బల్ల. ఆడి నా భాబ్?"

అక్కా, రేపు బల్ల, ఇంతకీ ఆడా భాబా అని. ఆ ముక్క వాకిట్లో ఆడుకునే పిల్లల దగ్గర నేర్చుకుంది. కాకీమా తెర వెనకాల ఎదురుచూస్తూనే ఉండేది. బల్ల ఏ ఆదివారమో మా సంఘంలో కొందరికి గుర్తుండేది కాదు గానీ ఆవిడకి గుర్తుండేది. టీకి నీళ్ళు అప్పటికే ఇద్దరికి సరిపడా పెట్టి ఉండేవి. అయినా అంత తేలిగ్గా ఒప్పుకునేది కాదు. "భాబ్ అంటే సరిపోతుందా? మరి నా బొడి సంగతో?" అని బెట్టు చేసేది.

వాళ్ళాయన, మా కాకు, రేవులో యూనియన్ మనిషి. దేవుణ్ణి నమ్మడు. పేపరు దించి, పెద్దమ్మని వదిన వరసన పిలుస్తూ, "బౌది, మాకూ పోర్టు సాహెబులకీ మధ్య మీ దేవుణ్ణి కూర్చోబెట్టండి. మీకైతే నెలకోసారి సెటిల్‌మెంటు చేస్తున్నాడు!" అనేవాడు.

పెద్దమ్మ బెంగాలీలో మొదలుపెట్టి తెలుగులో తేల్చేది. "ఆయన్ని పిలిస్తే ఒస్తాడు బాబూ. మీలాగ బందులు సెయ్యడు."

కొన్ని శనివారాలు కాకీమా నిజంగానే నోరు విప్పేది కాదు. పెద్దమ్మ బతిమాలేదీ కాదు. "నాను దిగొచ్చేను దిది. నా భాబ్ అయిపోనాది. నీది నీకు కుదిరినప్పుడు పంపు," అని చెప్పి పైకి వచ్చేసేది. గంట తిరక్కుండా మెట్ల మీద టంగ్ మని చప్పుడయ్యేది. కిందనుంచి మూడో మెట్టు మీద మూత పెట్టిన గిన్నె, పక్కన గరిటె. మాటల్లేని రోజుల్లో రెండిళ్ళకీ అదే తపాలా. చేప తెచ్చుకున్న రోజున, ఎంత ఆడి అయినా సరే, తలకాయ మాత్రం పెద్దమ్మ ఆ మెట్టు మీద పెట్టి గరిటెతో గిన్నె మీద కొట్టి వచ్చేది. "తలకాయంటే పేణం ఆ దిదికి. తగువు నోటితోటి గానీ కడుపుతోటి కాదు కదే," అనేది.

ఆవిడ ప్రార్థన కూడా నాకు బాగా ఇష్టం. "కింది దిదికి బుద్ధియ్యి ప్రభువా. ముందు నాకియ్యి. నాకే ఎక్కువ కావాలి." ఒకసారి నేను నవ్వితే కళ్ళు తెరవకుండానే, "దేవుణ్ణి పేమించడం సులువే గుంటా, కనపడడు కదా. ఈ దిది అలక్కాదు, రోజూ కుళాయి దగ్గర కనపడతాది," అని, మళ్ళీ ఆమెన్ దాకా లాగించింది.

నేనప్పుడు ఫిలాసఫీ ఆనర్స్ మూడో ఏడు. వాదించడం కొత్తగా వచ్చిన మనిషిని. ఒక శనివారం పెద్దమ్మ చీరకి గంజి పెడుతుంటే అనేశాను.

"నువ్వు కాకీమాని ప్రేమించడం లేదు పెద్దమ్మా. రేపటి రొట్టె ముక్క కోసం రాజీ పడుతున్నావు. బల్ల లేకపోతే దిగుతావా? ఇది ప్రేమ కాదు, బేరం."

గంజిలో చేతులు అలాగే ఉండిపోయాయి. ఆ సాయంత్రం తల దువ్వుకోలేదు. కిందికి దిగలేదు.

మర్నాడు నీలం చీర కట్టుకుని ఆరాధనకి వచ్చింది. పళ్ళెం మా వరసకి వచ్చినప్పుడు రెండు చేతులా అందుకుని, రొట్టె తీసుకోకుండా పక్కావిడకి ఇచ్చేసింది. బాప్తిస్మం పుచ్చుకున్నాక ఆవిడ బల్ల మానింది అదొక్కసారే. వెనక వరసల్లో ఆడవాళ్ళు తలలు తిప్పారు. ఏం తప్పు చేసిందోనని గుసగుసలు. బస్సులో వస్తూ పెదనాన్న నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు. నమ్మకం లేనిదాన్ని నేను. నా నోటి దురుసుకి ఆవిడ రొట్టె పోయింది.

సోమవారం పొద్దున్న, ఇంకా కుళాయి రాకముందే, పెద్దమ్మ తల దువ్వుకుని దిగింది. నేను పైమెట్టు మీద నిలబడి విన్నాను.

"దిది, ఆడి నా భాబ్?"

కాకీమా హడలిపోయింది. "ఇవాళ సోమవారం కదా! బల్ల అయిపోయింది కదా! ఒంట్లో బాగానే ఉందా దిది?" అంటూ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

పైకి వచ్చాక నేనే ఉండలేక క్షమించమన్నాను.

"ఎందుకే? నువ్వన్నది నిజమేనేమో అని రెండ్రోజులు నాకు ముద్ద దిగలేదు. రొట్టె మానీసి దిగితే తెలుస్తాది కదా అని సూసేను."

"ఏం తెలిసింది?"

"ఏటి తెలుస్తాదే! శనోరం దిగినా అవే మెట్లు. సోమారం దిగినా అవే మెట్లు. మోకాళ్ళు కూడా అంతే నొప్పెట్టేయి." అని నవ్వి, బకెట్టు అందుకుంది.

నాకు తెలిసిన వాదనలన్నీ ఆ బకెట్టుతోపాటు కిందికి పోయాయి. ఇప్పుడు నేను కాలేజీలో తర్కం చెబుతున్నాను.

నా సందేహాలు నాతోనే ఉండిపోయాయి. ఆ తర్వాత నేను బల్ల తీసుకోవడం మానేశాను. నమ్ముతున్నావా లేదా అని పెద్దమ్మ ఏనాడూ నిలదీయలేదు. రొట్టె ముట్టుకోకుండా నేను పళ్ళెం ఆవిడకి అందిస్తే, అందుకునే చేత్తోనే ఒక పిప్పరమెంటు నా అరచేతిలో పెట్టేది. నాకు నలభై దాటినా పెట్టేది.

పెదనాన్న పోయాడు, కాకు పోయాడు. ఇద్దరు ముసలమ్మలూ, ఒక కుళాయీ, ఆ పద్నాలుగు మెట్లూ మిగిలాయి. పోయిన వారం బుధవారం బల్ల చీర ఉతికి తీగ మీద వేస్తే నీళ్ళు కారి బొడి పళ్ళెం తడిసిపోయిందట. కాకీమా చీర చెంగు పట్టుకుని కిందికి లాగేసి, లోపల దాచేసిందట. "శనివారం దిగి వస్తుంది కదా, అప్పుడిద్దామనుకున్నాను," అంది నాతో. శుక్రవారం ఆవిడ పోయింది. శనివారానికి సమాధి.

ఆ శనివారం పొద్దున్న గది నిండా సంఘం ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. బల్ల చీరే కట్టాలని వాళ్ళ పట్టు. ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు. అడగడానికి నేను లేచేలోగా మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. ఒక్కో మెట్టూ ఎక్కి, ఆగి, మళ్ళీ ఎక్కుతూ. మోకాళ్ళు పాడై కాకీమా పదేళ్ళుగా పైకి రాలేదు. ఆ రోజు రెండు చేతుల్లోనూ తెల్లచీర పెట్టుకుని, కమ్మీ కూడా పట్టుకోకుండా ఎక్కింది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చింది. పాట ఆగిపోయింది.

పెద్దమ్మ ముఖం దగ్గరగా వంగి, "దిది, ఆడి నా భాబ్?" అంది.

నేను ఉండబట్టలేక, "భాబ్ కాకీమా," అన్నాను.

"నిన్నా నేనడిగింది?" అని కసిరింది.

పోయినవాళ్ళు వింటారో లేదో నాకు తెలియదు. తెలియని మాట చెప్పి ఓదార్చడం నాకు చేతకాదు. కానీ ఆ గుమ్మంలో ఎన్ని శనివారాలో విన్న మాట ఒకటి ఉంది. అదే చెప్పాను. "మీరు ఎక్కొచ్చారు కాకీమా. మీ భాబ్ అయిపోయింది. ఆవిడది ఆవిడకి కుదిరినప్పుడు పంపుతుంది."

కాకీమా నన్ను చూసింది. ఏడుపులోంచే నవ్వొచ్చేసింది ఆవిడకి. "అచ్చం ఆవిడే!" అంటూ అక్కడే కూలబడింది. గంజి ఎంత పట్టించిందంటే చీర అట్టలా నిలబడింది, కుచ్చిళ్ళు కుదరలేదు. కట్టేవాళ్ళు కూడా నవ్వాపుకోలేకపోయారు. బతికుంటే పెద్దమ్మ ఆ గంజికే మళ్ళీ ఆడి చెప్పేది.

మర్నాడు బల్ల. పళ్ళెం నా దాకా వచ్చింది. ఎప్పటికంటే కాసేపు ఎక్కువ పట్టుకుని పక్కకి అందించాను. అరచేయి చాచే ఉంచానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

గది ఖాళీ చెయ్యడానికి ఈ వారం ఇక్కడే ఉన్నాను. నిన్న స్నానం చేసి, ఏదో ఆలోచిస్తూ, తువ్వాలు పిండకుండా తీగ మీద వేశాను. అంతే, వాకిట్లోంచి కేక.

"మళ్ళీ నీళ్ళు! నా బొడి! ఆ పెద్దమ్మకి ఈ కూతురా! ఆడి, ఆడి, ఆడి! శనివారం దాకా నీతో మాట్లాడను!"

ఆవిడ పోయాక నా చెవులకి అంత హాయైన మాట ఇంకోటి పడలేదు. నిన్న బుధవారమే. అయినా తల దువ్వుకుని దిగాను. కిందనుంచి మూడో మెట్టు మీద, అరవకముందు పెట్టిందో అరిచాక పెట్టిందో, మూత వేసిన గిన్నె, పక్కన గరిటె. ఇంకా వేడిగానే ఉంది.

గరిటె తీసుకుని నేనే టంగ్ మనిపించాను.