గొలుసుకు కట్టిన నిమ్మకాయ

తోటపల్లి గూడూరు గుంటల నుంచి ఏళ్ల తరబడి రొయ్యలు మోసిన మా పాత పికప్‌ను బాగు చేయిస్తున్నాను. ఉప్పునీళ్లకు చాసీ తుప్పు పట్టింది, అందుకని ముందు క్యాబిన్ ఊడదీయాలి. ఈ మధ్యాహ్నం షెడ్డులో దాన్ని గొలుసులతో పైకి లేపారు. మెకానిక్ మస్తానయ్య చాసీకీ క్యాబిన్‌కీ మధ్య తల దూర్చి, మిగిలిపోయిన వైరు విప్పుతున్నాడు. అప్పుడు నాకు గొలుసుకు కట్టిన నిమ్మకాయ కనిపించింది. ఇక ఊరుకుంటానా?

"ఈ కాలంలో కూడా ఇదేంది మస్తానయ్యా?"

"నీకు నమ్మకం లేకపోతే పోనీ, దాని జోలికి మాత్రం రాబాకన్నా" అంటూ వాదనకు బయటికొచ్చాడు. వచ్చి నిలబడ్డాడో లేదో, గొలుసు తగిలించిన, తుప్పు తిన్న తలుపు చట్రం తెగి క్యాబిన్ కింద పడింది, సరిగ్గా ఆయన తల ఉన్న చోట.

గొలుసు వైపు చూపించి ఆయనే అన్నాడు: "చూసినావా, కాయ కాపాడింది."

కార్మికుల భద్రత గురించి ఇరవై ఏళ్లుగా అరుస్తున్నవాణ్ణి, నిమ్మకాయను చూశాను గానీ, క్యాబిన్ కింద ఆసరాగా ఒక్క చెక్క దిమ్మె కూడా లేదని చూడలేదు.

రేపు మళ్లీ లేపాలి. దిమ్మెలు నేను మోసుకెళ్తాను, కాయ ఆయన తెస్తాడు. కాయకు ఒప్పుకున్నానని నన్ను తిట్టదలచుకున్న మిత్రులు తిట్టండి. ముందు మీ పనివాళ్ల తలల మీద ఏం వేలాడుతోందో చూసి రండి.