ర్యాముల దళారి ఎల్లప్ప

ఎల్లప్ప ల్యాప్‌టాప్‌లను ఎద్దుల్ని చూసినట్టే చూస్తాడు. ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో ఉన్న ఆయన రిపేరు కొట్టుకు ఎవరైనా మిషన్ తెస్తే, ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. వీపు మీద అరచేత్తో తడతాడు. వేడిగాలి వచ్చే సందు దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాడు. "మేత అరగడం లేదు దీనికి" అనో, "ఎండన పడి బాగా తిరిగినట్టుండాది" అనో తేల్చిన తర్వాతే తెచ్చిన మనిషి ముఖం వైపు చూస్తాడు. జబ్బేమిటని మాత్రం వాళ్లను అడగడు. పశువు ఏదీ దాచుకోదని ఆయన నమ్మకం. యజమానుల మీద అంత నమ్మకం లేదు.

ఇది ఆయనకు వంశంలో వచ్చిన గుణం. తాత, తండ్రి ఇద్దరూ ఎద్దుల దళారులు. జాతర పరసలో, అంటే ఎద్దుల సంతలో, రైతుకూ రైతుకూ నడుమ నిలబడి, ఈ ఎద్దుకు ఆ ఎద్దు జత అని తేల్చి చెప్పేవాళ్లు. ట్రాక్టర్లు వచ్చాక బేరాలు తగ్గాయి. ఎల్లప్ప ఆదోనిలో పాలిటెక్నిక్ చదివి, ల్యాప్‌టాప్‌ల కొట్టు పెట్టుకున్నాడు. భుజం మీది తువ్వాలు మాత్రం దింపలేదు. కళ్లలోని ఎద్దులూ దిగలేదు.

ర్యాముల దగ్గర ఈ గుణం మరీ ముదురుతుంది. ర్యామ్ అంటే వేలెడు పొడవుండే పచ్చ పలక. మిషన్ ఒకేసారి ఎంత పని మోయగలదన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో అలాంటివి రెండు పెట్టుకోవడానికి చోటుంటుంది. ఎల్లప్ప లెక్కలో అది కాడి. కుడి చోటు వలపట, ఎడమ చోటు దాపట. పలక అంచున మెరిసే బంగారు గీతలు పండ్లు. వాటిని పిల్లల రబ్బరుతో రుద్దడం పండ్లు తోమడం. పైన అంటించిన కంపెనీ చీటీలు సుళ్లు. "ఈ సుడి అచ్చిరాదప్పా, పోయినేడు ఇదే సుడి ఉండేది తెచ్చి ఒకాయన మిషనే అమ్ముకున్యాడు" అని మంచి సరుకును కూడా వెనక్కి పంపేసిన రోజులున్నాయి.

డిగ్రీ కాలేజీ లెక్చరర్ శివశంకర్ ఒకసారి కొత్త ర్యామ్ తానే వేసుకుని, మిషన్ లేవక, ఎల్లప్ప దగ్గరికి పట్టుకొచ్చాడు.

"సార్, ఇది దాపటి ఎద్దు. మీరు వలపట కట్టినారు."

"ర్యామ్‌కు కుడి ఎడమలేంటి ఎల్లప్పా?"

"మీకు ల్యాకపోవచ్చు సార్. దానికి ఉండాది."

రెండింటినీ అటుదిటు మార్చి, బొటనవేళ్లతో గట్టిగా నొక్కి, మూత వేశాడు. మిషన్ లేచింది. శివశంకర్ మొదటిసారి పలకను సగమే దూర్చాడన్నది అసలు సంగతి. కానీ ఆ రోజు నుంచి కాలేజీలో సగంమంది దాపటి ర్యామ్ కావాలని అడగడం మొదలుపెట్టారు.

అన్నిటికంటే పేరు మోసింది ఆయన స్టీలు డబ్బీ. కొత్త ఎద్దును కొన్న రైతు, పాతదానితో పాటు దాన్ని ఒకే గాడి దగ్గర కట్టేసి మేపుతాడు. వాసన అలవాటైతే కుమ్ముకోవు. ఎల్లప్ప కూడా పొసగని ర్యాములు రెండింటినీ ఆ డబ్బీలో పక్కపక్కన పడుకోబెట్టి మూతపెడతాడు. "గాడిన కట్టినా. రేపు రాండి" అంటాడు. నవ్వినవాళ్లు నవ్వారు. మరునాడు మాత్రం అందరూ వచ్చారు.

సరస్వతి అక్కడికి వచ్చింది ఒక గురువారం ఉదయం. దేవనకొండ దగ్గరి పల్లె పిల్ల. ఎమ్మెస్సీ లెక్కలు చదివి ఆదోనిలో పిన్ని ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటోంది. ల్యాప్‌టాప్‌లో పిల్లలకు పాఠాలు చెప్పించే కంపెనీ ఒకటి సోమవారం ఆమెను చూస్తామంది. వీడియోలో ఒక పాఠం చెప్పి చూపాలి. ఇంతకుముందు రెండు ఇంటర్వ్యూల్లో, తెలిసిన జవాబుకు కూడా నోరు పెగలక లేచి వచ్చేసింది. ఇది కూడా పోతే పల్లెకు తిరిగిపోవడమే. అక్కడ ఫోను మాట్లాడాలంటేనే మిద్దె ఎక్కాలి.

పాత మిషన్ వీడియో మొదలుకాగానే బిగుసుకుపోతోందని, ఖాళీగా ఉన్న చోట కొత్త ర్యామ్ కొని వేసుకుంది. ఇప్పుడు అసలు తెరే వెలగడం లేదు.

"ఏంటికి వచ్చినావమ్మా?" అన్నాడు ఎల్లప్ప.

సరస్వతి ఏదో చెప్పింది.

"ఆఁ?"

మళ్లీ చెప్పింది.

"పాపా, స్పీకర్ పోయింది నీదా, మిషన్‌దా?"

ఆమె ముఖం ఎర్రబడింది. కొత్త ర్యామ్ కొన్న బిల్లు తీసి చూపించింది. ఎల్లప్ప మిషన్ చుట్టూ తిరిగాడు, తట్టాడు, వాసన చూశాడు. మూత విప్పి కొత్త పలకను వెలుతురుకెత్తి పండ్లు చూశాడు.

"పాలపండ్లు ఇంగా. ఈ కోడెను ఎవురు కట్టబెట్టినారు నీకు?"

పాతదొక్కటే వేసి చూశాడు. తెర వెలిగింది. కొత్తదొక్కటే వేశాడు. వెలిగింది. రెండూ కలిపి వేస్తే చీకటి. వలపట, దాపట మార్చాడు. పండ్లు తోమాడు. అప్పుడూ చీకటే. ఎల్లప్ప ముఖం మాత్రం వెలిగిపోయింది.

"సూసినావా? దేనికదే బంగారం. కాడి కిందికి వస్తే కుమ్ముకుంటాండాయి. ఒకటి ఉరుకుతాది, ఒకటి నిదానం. నడక కలవలా."

"కొత్తదొక్కటే పెట్టి ఇయ్యన్నా. నాకు సాలు." ఆ రోజు ఆమె నోట వినబడేటట్టు వచ్చిన మొదటి మాట అది.

"ఒంటెద్దుతో సేద్యమా? ఈ మాట మా నాయన ఇంటే కొడతాడు." రెండింటినీ డబ్బీలో పెట్టి మూత బిగించాడు. "గాడిన కట్టినా. రేపు రా."

మరునాడు వెళ్లేసరికి కొట్టు బెంచీ మీద హెప్సిబా కూర్చుని ఉంది. ఎమ్మిగనూరు అమ్మాయే, నర్సింగు చదివింది. ఆమెకూ వచ్చే వారం ఒక ఆసుపత్రివాళ్ల ఇంటర్వ్యూ ఉంది. ఆమె ల్యాప్‌టాప్ కూడా "గాడిన" ఉంది. ఈ సంగతులన్నీ సరస్వతి చెప్పులు విడిచే లోపలే చెప్పేసింది. మాటకూ మాటకూ నడుమ ఊపిరి పీల్చుకుంటుందో లేదో చూసినవాళ్లు లేరు.

ఎల్లప్ప రెండు మిషన్లు బల్ల మీద పెట్టాడు. "కాడికి కట్టినా. అయినా నమ్మేది ల్యా. సాలు తోలి సూడాల. పొలంలో దున్నకుండా ఎద్దును ఎవురన్నా ఇంటికి తోలుకపోతారా?"

సాలు తోలడమంటే ఇద్దరూ వీడియోలో మాట్లాడుకోవాలి. సరస్వతి కొట్టులో, హెప్సిబా రోడ్డుకు అవతల భీమక్క టీ బంకు దగ్గర. కొట్టులోని వైఫై అక్కడిదాకే అందుతుంది.

"ఏం మాట్లాడాలన్నా?" అంది సరస్వతి.

"బరువైనవి మాట్లాడండమ్మా. తిన్యావా, పన్యావా అంటే మిషన్‌కు ఏం తెలుస్తాది? ఇంటర్వ్యూ మాదిరి అడగండి. గట్టిగా మాట్లాడల్ల. గొంతు సన్నగుంటే మిషన్ మీద బరువు పడదు."

హెప్సిబా మొదటి ప్రశ్న అడిగింది. సరస్వతి నోరు తెరిచేలోపు జవాబు కూడా తనే చెప్పేసి, రెండో ప్రశ్నకు పోయింది. ఎల్లప్ప రోడ్డు దాటి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"హెప్సిబా, ఒకటి ఉరికితే కాడి ఇరుగుతాది. ఆ పాప సెప్పేదాంకా నువ్వు నోరు తెరిస్తే మిషన్ వేడెక్కుతాది."

"మనిషి మాట్లాడితే మిషన్ వేడెక్కుతాదా?"

"అందరికీ ఎక్కదు. నువ్వు మాట్లాడితే ఎక్కుతాది."

అట్లా మొదలైంది. సరస్వతి భిన్నాల పాఠం మొదలుపెట్టింది. హెప్సిబా రెండు చేతులతో నోరు మూసుకుని విన్నది. మధ్యలో భీమక్క టీ గ్లాసు పట్టుకుని తెరలోకి వంగింది.

"నాలుగో వంతా, ఎనిమిదో వంతా, ఏది పెద్దదంటివే?"

"నాలుగో వంతే అక్కా."

"ఎట్లయితాది? ఎనిమిది పెద్దది గదా."

"ఒక జొన్నరొట్టె నలుగురికి పంచితే పెద్ద ముక్క వస్తాదా, ఎనిమిది మందికి పంచితేనా?"

"ఎనిమిది మందికి ఒక రొట్టె పెట్టే కొంప ఏదే తల్లీ? ఆ ఇంట్లో పిల్లనియ్యగూడదు."

సరస్వతికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే గొంతు పెంచి, రొట్టెలు పెంచి, భీమక్క ఒప్పుకునేదాకా వదల్లేదు. భీమక్క అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఒప్పుకునేసరికి రెండు దఫాలు పాలు పొంగాయి.

సాయంత్రం ఎల్లప్ప పెదవి విరిచాడు. "ఇంగా నడక కుదరలా. రేపు ఇంకో సాలు." శనివారం కూడా అదే మాట. సరస్వతి లోలోపల పళ్లు నూరుకుంటూనే ఆదోని బస్సెక్కి వచ్చి పోతూ ఉంది. హెప్సిబా ఆమెను అడ్డదిడ్డంగా ప్రశ్నించింది. ఆమె హెప్సిబాను మాటమాటకూ ఆపి, "ఊపిరి తీసుకో, తర్వాత సెప్పు" అంది. ఆదివారం పొద్దు వాలుతుండగా ఎల్లప్ప మిషన్లు రెండూ తువ్వాలుతో తుడిచి చేతికిచ్చాడు. "తోలుకపోండి."

సోమవారం ఇంటర్వ్యూలో కంపెనీ మేడమ్ పాఠం అర్థంకాని పిల్లలా నటిస్తూ, పొంతన లేని ప్రశ్నలు వేసింది. భీమక్కతో వాదించి వచ్చిన మనిషికి అవి ప్రశ్నలే కావు. మిషన్ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు, సరస్వతి కూడా. "వచ్చే నెల ఒకటో తేదీ నుంచి చేరగలవా?" అని మేడమ్ అడిగితే, "చేరతాను మేడమ్" అన్న మాట పక్క గదిలో ఉన్న పిన్నికి కూడా వినబడింది.

ఆ సంతోషంలో ఊరికే అటూ ఇటూ నొక్కుతుంటే, మిషన్‌లో ఎంత ర్యామ్ ఉందో చూపే చోటు కనబడింది. రెండు చోట్లలో ఒకటే నిండి ఉందని అక్కడ రాసి ఉంది. ఉన్నది కొత్తదొక్కటే.

మంగళవారం హెప్సిబాను వెంటబెట్టుకుని కొట్టు మెట్లెక్కింది.

"అన్నా, దీంట్లో ఒక్కటే ఉండాది."

"ఏంది ఒక్కటి?"

"ర్యామ్. పాతది యాడ?"

ఎల్లప్ప డబ్బీ మూత తీశాడు. పాత పలక అందులో ఒంటరిగా, హాయిగా పడుకుని ఉంది.

"నాదాని మూత నువ్వు ఇప్పనే ల్యా! స్క్రూల మీద దుమ్ము దుమ్ముగానే ఉండాది!" అని హెప్సిబా అందుకుంది.

"నీదానికి చార్జర్ వైరే గదమ్మా పోయింది. అది అప్పుడే మార్చినా."

"మరి ఈ గాడి, ఈ డబ్బీ అంతా?" అంది సరస్వతి.

"డబ్బీలో పెడితే ర్యాములు కలుస్తాయా పాపా? పాలిటెక్నిక్ చదివినా నేను." ఎల్లప్ప తువ్వాలు సవరించుకున్నాడు. "నీ మిషన్ మొదటి దినమే బాగైంది. ఆపొద్దే ఇచ్చింటే ఏం చేసేదానివి? ఇంటికి పోయి తలుపేసుకొని కూసుండేదానివి. ఆపొద్దు నీ మాట నాకు ఇనబడక రెండుసార్లు అడిగినా. సోమవారం వాళ్లు రెండుసార్లు అడుగుతారా? మాట్లాడు పాపా అంటే నువ్వు మాట్లాడవు. మిషన్ కోసమంటే మాట్లాడినావు."

సరస్వతికి కోపం వచ్చింది. అది వచ్చింది వచ్చినట్టే మాటలుగా బయటపడింది. బస్సుల్లో నిలబడి తిరిగిన సంగతి, మిషన్ అందదేమోనని నిద్రపట్టని సంగతి, ఎద్దుల కథలు చెప్పి చదువుకున్న ఆడపిల్లలను ఇంతలా తిప్పడం న్యాయమేనా అన్న సంగతి, ఒకటి విడవకుండా కడిగేసింది. హెప్సిబా నడుమ దూరాలని చూసి, చోటు దొరక్క మానుకుంది. సందులో పోయేవాళ్లు ఆగారు. ఎల్లప్ప కళ్లు సగం మూసి, తల చిన్నగా ఊపుతూ, పరసలో మంచి జోడు నడక చూస్తున్నవాడిలా వింటూ నిలబడ్డాడు.

భీమక్క మూడు టీలు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. "ఎవురే ఇంత గొంతేసుకొని అరిసేది? మా బంకు కాడికి ఇనబడతాండాది."

"మన సరస్వతే!" అంది హెప్సిబా.

సరస్వతి టక్కున ఆగింది. చుట్టూ చూసింది. సందులో ఉన్నవాళ్లంతా తనవైపే చూస్తున్నారు. భీమక్క చేతిలోంచి టీ అందుకుని, నిదానంగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, మళ్లీ మొదలుపెట్టింది.