మూల సాంచ ఆగింది

ముందే చెప్పేస్తున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. కోరుట్లలో నా కంప్యూటర్ షాపులో "రెండు నిమిషాలు" అంటే జనం ఇంటికి పోయి అన్నం తిని వస్తారు. ఇప్పుడు చెప్పబోయే సంగతి కోరుట్లలో చెప్పినప్పుడు అందులోని కంప్యూటర్ డబ్బా ఫ్రిజ్ అంత ఉండేది. జగిత్యాల చేరేసరికి బీరువా అంత అయింది. సిరిసిల్లలో మాత్రం చెప్పను. అక్కడ దాన్ని చూసినవాళ్లున్నారు. నిజానికి అది మిఠాయి డబ్బా అంత.

కానీ ఆ రాత్రి జరిగింది మాత్రం జరిగింది. నా కళ్ల మీద ఒట్టు... చత్వారం కళ్లే అయినా.

సిరిసిల్లలో శ్రీనివాస్ అని ఒకతను సాంచలు నడిపిస్తాడు. సాంచలంటే మరమగ్గాలు. కార్ఖానా పక్కన చిన్న గది, అదే ఆఫీసు. కంపెనీ పేరుతో సొంత ఈమెయిల్ సర్వర్ పెట్టమన్నాడు. అంటే సొంత పోస్టాఫీసన్నమాట. మన ఉత్తరాలు మన గదిలో, మన డబ్బాలోకే వస్తాయి.

"అన్నా, మొదటి ఖాతా మా బాపు పేరు మీద తియ్యి," అన్నాడు.

"మీ బాపు పోయి శానా దినాలాయె గదనే."

"అయితేంది? కొత్త సాంచ పెడితె మొదటి మూర బట్ట బాపు ఫోటోకే కడ్తం. గిది గూడ కొత్తదే గద."

అతని తండ్రి రాజేశం మామూలు మనిషి కాదట. ఆఫీసు కుర్చీలో కూర్చుని, గోడవతల సాంచలన్నీ టకటకమంటుంటే, ఏది ఆగిందో చెవితోనే చెప్పేవాడట. మనకేమో అదంతా ఒకటే హోరు.

షాపు మూసి, బండి మీద సిరిసిల్ల చేరేసరికి రాత్రయింది. శ్రీనివాస్ ఎల్లంతకుంటలో పెండ్లికి పోయాడు. వాళ్లమ్మ లక్ష్మవ్వ నాకు తోడుగా కూర్చుంది. చాయ్ పెట్టింది. గోడ మీద రాజేశం ఫోటో, దానికి కట్టిన బట్ట. గోడవతల... టకటక... టకటక.

అన్నీ బిగించాను. బాపు పేరు మీద ఖాతా తెరిచాను. పాస్‌వర్డ్ చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఇంకెవరికీ చెప్పలేదు. ఇక పరీక్ష చెయ్యాలి. నా బుద్ధి ఊరుకుంటుందా. నా ఖాతా నుంచి ఆ పెద్దాయనకు రాశాను: "రాజేశం సేటూ, చాయ్ తాగినవా?"

"ఏం రాస్తివి కొడుకా?" అంది లక్ష్మవ్వ.

చెప్పాను. ఆమె నవ్వింది. "చాయ్ అంటే పాణమిడుస్తుండె. అడిగితివి, ఇగ ఊకోడు."

నేనూ నవ్వాను.

టింగ్.

తెర మీద ఒక జవాబు. పంపింది... రాజేశం. నా వేళ్లు కీబోర్డు మీద లేవు. చాయ్ గ్లాసు చుట్టూ ఉన్నాయి. ఆ గ్లాసు వేడి ఇప్పటికీ గుర్తు.

ఒకటే వరుస. "మూల సాంచ ఆగింది."

పైకే చదివినట్టున్నాను. లక్ష్మవ్వ నవ్వు ఆగిపోయింది. మెల్లగా గోడ వైపు తల తిప్పింది. నేనూ విన్నాను. టకటక... టకటక... అదే హోరు. ఏ తేడా తెలియలేదు.

అప్పుడు తలుపు తీసుకుని, సాంచలు నడిపే లచ్చన్న చెంబు కోసం వచ్చాడు.

"మూల దాంట్ల పోగు తెగిందవ్వా. గిప్పుడే ఆగింది. నీళ్లు తాగి అతికిస్త," అని చెంబు పట్టుకుని వెళ్లిపోయాడు.

నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. లక్ష్మవ్వ మాత్రం కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. "గిదే మాట. గిట్లనే అంటుండె," అంది, నాతో కాదు.

అంతలో కరెంటు పోయింది.

సాంచలన్నీ ఒక్కసారిగా... ఆగిపోయాయి. సిరిసిల్లలో నిశ్శబ్దం మీరు విని ఉండరు. చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టుంటుంది. యూపీఎస్ ఒక్కటే కుయ్... కుయ్... మంటోంది. దాని బలంతో తెర వెలుగుతోంది. ఆ నీలం వెలుగులో లక్ష్మవ్వ ముఖం. ఆమె వెనక ఫోటో.

కథ ఇక్కడికి వచ్చాక నేను ఎప్పుడూ ఇలా చెప్తాను: అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుని, కరెంటు వచ్చేదాకా ధైర్యం చెబుతూ కూర్చున్నాను, మళ్లీ ఏమీ రాలేదు, అని. విన్నవాళ్లు నా గుండెను మెచ్చుకుంటారు. చాయ్ కూడా వాళ్లే ఇప్పిస్తారు.

డబ్బాను పెంచడం అలవాటు. అది లెక్కలోకి రాదు. కల్పించింది మాత్రం ఇదొక్కటే.

నేను కూర్చోలేదు. పరుగెత్తాను. బండి సంగతి కూడా గుర్తులేదు. బస్టాండు సోలార్ దీపం కింద ఆగి చూసుకుంటే, ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి లక్ష్మవ్వ చెప్పు. తెల్లారేదాకా అక్కడే బెంచీ మీద ఉన్నాను.

పొద్దున పోయేసరికి సాంచలు మోగుతున్నాయి. ఆమె అదే కుర్చీలో ఉంది.

"ఎటు పోతివి కొడుకా? నువ్వు పోయినంక ఇంకోటి అచ్చింది."

"ఏ... ఏంది?"

"గట్లనే టింగుమన్నది. అద్దం మీద అక్షరాలు పడ్డయి. శానా ఉండె, నిండుగ. నాకు సదువ రాదాయె. నువ్వత్తవని దాన్నే సూసుకుంట కూసున్న. జరసేపటికి ఆరిపాయె."

లక్ష్మవ్వ వంగి, నా కాలికున్న తన చెప్పు తీసుకుని తొడుక్కుంది.

డబ్బా ఆన్ చేశాను. వెతికాను. నేను రాసిన చాయ్ మాట ఒక్కటే ఉంది. మూల సాంచ మాట లేదు. ఆమె చూసిందీ లేదు. నువ్వే పంపినవా అని శ్రీనివాస్‌కు ఫోన్ చేస్తే, "నాకు పాస్‌వర్డ్ ఎక్కడ ఇచ్చినవన్నా?" అన్నాడు. చీటీ నా జేబులోనే ఉంది, చెమటకు తడిసి. నేనే ఏదైనా తప్పుగా బిగించానేమో... తెలియదు. లచ్చన్నను అడిగితే పోగు తెగిన మాట నిజమే అంటాడు.

ఇప్పటికీ ఆ ఆఫీసుకు పనిమీద పోతుంటాను. లక్ష్మవ్వ చాయ్ తెచ్చి పక్కన పెడుతుంది.

"ఏం రాసిండో దొరికిందా కొడుకా?"

మిఠాయి డబ్బాను బీరువా చేసినవాణ్ని. ఆమె కోసం ఒక్క మాట పుట్టించడం చేతకాదు. తల వంచుకుని, బాగానే ఉన్న వైర్లను మళ్లీ సర్దుతుంటాను.