తడి చేతుల మీద నేను మోపిన నేరం

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ షెడ్డులో కంప్యూటర్ పెట్టించింది నేనే. అది పాత డబ్బా. విండోస్ బదులు అందులో లినక్స్ ఎక్కించి, "ఇంక దీనికి చావు లేదన్నా" అని యజమానికి చెప్పి తిరుపతి బస్సెక్కాను. ఆ రోజు నా గొంతులో ఉన్న ధీమా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక అక్క. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులోనే గీతలు గీసి, రంగులు అద్ది, బట్టలు జాడించిన మనిషి. నీళ్లలో నిలబడి నిలబడి మోకాళ్లు పాడయ్యాయి. అందుకని యజమాని ఆమెకు కూర్చుని చేసే పని ఇచ్చాడు. కాగితం మీది బొమ్మల్ని స్కాన్ చేసి, చీర అంచు ఎట్లా వస్తుందో స్క్రీన్ మీద అమర్చి చూపించాలి. నెల తిరక్కుండా నేర్చుకుంది. అయినా జాడింపు పూర్తిగా తప్పలేదు. నడుమ నడుమ లేచి వెనకాల తొట్టి దగ్గరికి పోయి రావలసిందే.

కొన్నాళ్లకు ఫోనొచ్చింది. స్క్రీన్ బిగుసుకుపోతోందట. వెళ్లగానే నేను అడిగిన మొదటి మాట, "ఏం నొక్కినావక్కా?"

"ఏమీ నొక్కలేదబ్బా. బట్ట జాడించేసి వచ్చి మౌస్ పట్టుకుంటి. అంతే, బాణం కదల్లేదు."

మౌస్ మీద ఒక నీటిచుక్క కనిపించింది. నాకు అది చాలు. "తడిచేతుల్తో పట్టుకుంటే ఇంకేమైతాది?"

"కొంగుకు తుడుసుకునే వస్తాను గదప్పా."

నేను నవ్వి ఊరుకున్నాను. మౌస్ మార్చాను. మళ్లీ ఫోనొస్తే కీబోర్డు మార్చాను. మూడోసారీ అంతే. ప్రతిసారీ ఆమె తొట్టి దగ్గర్నుంచి వచ్చాకే బిగుసుకునేది కాబట్టి నా అనుమానం రుజువైనట్టే అనిపించింది. ఆ మాటే యజమానికి చెప్పాను. "మిషన్‌లో ఏం లేదన్నా. చేతుల తడి."

"అట్లయితే ఆమెను తొట్టి దగ్గరే ఉండనీ. పుత్తూరులో ఒక డిజైనర్ ఉండాడంట, సోమవారం నుంచి రమ్మంటా" అన్నాడు ఆయన. అక్క పక్కనే బట్ట మడత పెడుతోంది. ఆ చేతులు ఒక్క క్షణం ఆగాయి. రోజంతా నీళ్లలో నిలబడడమంటే ఆ మోకాళ్లకు ఏమిటో నాకు తెలుసు. తెలిసీ సంచి సర్దుకున్నాను.

శనివారం, కొత్తాయన కోసం సిస్టమ్ సిద్ధం చేయడానికి మళ్లీ వెళ్లాను. అక్క ఒక నోటుబుక్కు పట్టుకుని కాచుకుని ఉంది. అది రంగుల పుస్తకం. వాళ్ల పనిలో ఎరుపు మాసినట్టు వస్తే, గుడ్డపీలికలు చించి ఒక్కోదానికి ఒక్కటే మారుస్తారు. ఒకదానికి నీళ్లు, ఒకదానికి పటిక, ఒకదానికి ఎండ. ఏది మారిస్తే రంగు మారిందో రాసుకుంటారు. ఆమె కంప్యూటర్‌నూ అట్లాగే పరీక్షించింది. వేలు పెట్టి చదివి వినిపించింది.

"చేతులు ముంచి, తుడవకుండా వెంటనే వచ్చి పట్టుకున్నా. బాగుండాది. మళ్లా ముంచినా. బాగుండాది. మరుసటిరోజు తొట్టి దిక్కుకే పోలా. అన్నం తిని, పక్కింటామెతో మాట్లాడి, ఎండిన చేతుల్తో పట్టుకుంటి. బిగుసుకునింది." పుస్తకం మూసింది. "తడి కాదబ్బా. నేను లేచిపోతే దానికి కోపం. కాసేపటికి స్క్రీన్ నల్లగా అయితాది సూడు, అది మళ్లా లేచేటప్పుడే సస్తాది."

నా ముఖం వేడెక్కింది. కానీ నిజం చెప్పాలంటే, సిగ్గు కంటే ముందు కుతూహలమే తన్నుకొచ్చింది. ఇద్దరం మౌస్ ముట్టకుండా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

"పాలు పొంగేదానికి కాపలా ఉన్నట్లుండాది" అంది అక్క.

పది నిమిషాలకు స్క్రీన్ నల్లబడింది. ఆమె ఎండిన వేలితో మౌస్ కదిపింది. బొమ్మ వచ్చింది, బాణం మాత్రం కదల్లేదు. నేను నా ల్యాప్‌టాప్ తెరిచి, నెట్‌వర్క్ గుండా ఆ కంప్యూటర్ లోపలికి వెళ్లి చూశాను. అది నిక్షేపంగా బతికే ఉంది. బిగుసుకున్నది స్క్రీన్ మీది బొమ్మ ఒక్కటే. సిస్టమ్ తనకు జరిగినవన్నీ రాసుకునే లాగ్ ఒకటి ఉంటుంది. అందులో సరిగ్గా ఆ నిమిషానికి స్క్రీన్ మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు నిద్ర లేవలేదని, ఆ కార్డు చేత పని చేయించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ ఎదురుచూసి చేతులెత్తేసిందని ఉంది. వెనక్కి పోతే, ఆమె పుస్తకంలో బిగుసుకున్న ప్రతి పూటా అదే వరుస. మూడుసార్లు వచ్చి నేను ఆ లాగ్ ఒక్కసారీ తెరవలేదు. ఆమె చేతులు చూసి తేల్చేశాను.

ఆ డ్రైవర్ పెట్టిందీ నేనే. నిజానికి లినక్స్‌తోనే ఒక డ్రైవర్ వచ్చింది, బాగానే పనిచేస్తుండింది. బొమ్మలు ఇంకా చకచకా కదులుతాయని యజమానికి చూపించుకోవడానికి, మొదటిరోజే దాన్ని తీసి వేరేది ఎక్కించాను. ఇప్పుడు దాన్ని తీసేసి పాతది పెట్టాను. మళ్లీ కూర్చున్నాం. నల్లబడింది, లేచింది. ఇంకోసారి, ఇంకోసారి. లేచిన ప్రతిసారీ ఆమె పుస్తకంలో రాసింది.

అప్పుడే యజమాని వచ్చాడు. "ఏమైందప్పా?"

"సరిపోయిందన్నా. డ్రైవర్ మార్చినాను" అని కేబుల్ చుట్టసాగాను.

అక్క నా వైపే చూస్తోంది. "ఏం డ్రైవరో, ఎవరు పెట్టిందో కూడా సెప్పబ్బా" అంది మెల్లగా.

ఆమె చేతుల గురించి చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. నా చేతుల గురించి చెప్పడానికి నాలుక తిరగలేదు. చివరికి మొత్తం చెప్పాను, తడి మాట అబద్ధమని కూడా.

యజమాని ఆమె పుస్తకం తీసుకుని తిరగేశాడు. "మరి ఆ పుత్తూరాయన సోమవారం బస్సెక్కుతాడే?"

"నేను చెప్తానన్నా."

"ఈడనే నిలబడి చెప్పు. ఆమె వినాల."

ఫోన్ చేశాను. క్షమించమని, ఇక్కడ మనిషి అవసరం లేదని, తప్పు ఆమెది కాదు డ్రైవర్‌దని చెప్పాను. ఆయనా కంప్యూటర్ పనిలోవాడే. "డ్రైవర్ తప్పా, పెట్టినోడి తప్పా సార్?" అన్నాడు.

"పెట్టినోడిదే."

ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి అక్క కుర్చీ ముందుకు లాక్కుని, సగంలో ఆగిన చీర అంచు తెరిచింది. ఏదో అనాలని నేను పక్కనే నిలబడ్డాను.

"జరుగబ్బా" అంది తల తిప్పకుండా. "వెలుతురుకు అడ్డముండావు."