దశరథం కాలికట్టు

సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే దశరథం పరమ మొండి మనిషి. ఇరవై ఎనిమిదేళ్లుగా రోజుకు పన్నెండు గంటలు నిలబడి చేసే పని. ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. చీలమండ పైన పడిన పుండు మూడేళ్లయినా మానలేదు. దానికి ఆయన చేసుకున్న వైద్యం ఏమిటంటారా? బట్ట అంచు పేలిక తీసుకుని మోకాలి కింద బిర్రుగా కట్టుకోవడం! వదులైన పోగు బిగిస్తే సాంచా దారికొస్తుంది, కాలెందుకు రాదని ఆయన వాదన. కాలు రాలేదు సరికదా, ఇంకా వాచింది.

రోజూ తెల్లారకముందే లేచి ఆ పుండు కడిగి మందు రాసేది భార్య మంజుల. చివరికి ఆమెకే ఓపిక నశించింది.

"కాలు తీసేసేదాక చూస్తవా? లే, కరీంనగర్ పోదాం!" అని బస్సెక్కించింది.

అక్కడ డాక్టర్ పద్మలత ఆ కట్టు చూసి నెత్తి కొట్టుకుంది.

"నెత్తురు కిందికి మంచిగనే వస్తుంది. తిరిగి పైకి పోవుడే కష్టమైతుంది. నరంల ఉండే చిన్న తలుపులు చెడిపోయినయి. మీరేమో పైకి పోయే తొవ్వకే అడ్డం కట్టిన్రు!"

లేజర్‌తో ఆ నరాన్ని మూసేస్తాననగానే దశరథం లేచి నిలబడ్డాడు.

"మూస్తే నెత్తురు ఎటు పోతది? కాలు ఎండిపోదా? నాకొద్దు మేడం!"

మంజుల చెయ్యి పట్టి ఆపింది. డాక్టర్ కాలి మీద స్కానింగ్ పరికరం ఆనించి, తెర ఆయనవైపు తిప్పి పిక్క నొక్కింది. ఉబ్బిన నరంలో నెత్తురు కాస్త పైకి పోయి, అంతలోనే కిందికి జారింది. లోపలి పెద్ద నరంలో పైకి పోయిన నెత్తురు మళ్లీ వెనక్కి రాలేదు.

"చెడిన నరం మూస్తే నెత్తురంత గీ మంచి నరాలల్ల నుంచి గుండెకు పోతది," అంది డాక్టర్.

కళ్లారా చూశాక మొండి మనిషి మెత్తబడ్డాడు.

నరం మూసిన రోజే నడవమన్నారు. కాలికి, ఒక్కచోట కాక పాదం నుంచి పైదాకా ఒత్తిపట్టే బిగుతు మేజోడు తొడిగారు. సాంచాల దగ్గర ఒకేచోట నిలబడకుండా అటూ ఇటూ తిరగమన్నారు. వాపు తీసింది. పుండు అంచుల నుంచి మెల్లగా పూడుకొచ్చింది.

మూడో నెలలో ఒక పొద్దున మంజుల ఆ పాదం ఒళ్లో పెట్టుకుని దూది తడిపింది. కడగడానికి పుండు లేదు. లేత తోలు మీద వేలితో నిమిరి, "మానింది," అని ఏడ్చేసింది.

ఈ మూడేళ్లలో పుండు వాసనకు ఆమె ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదని దశరథానికి అప్పుడు తట్టింది.

"నీ చేతులకు దండం మంజులా," అన్నాడు. "రేపటి సంది పొద్దెక్కేదాక పండుకో. చాయ్ నేను పెడత."