అవుసల బాపు నేర్పిన ఊపిరి

పోయిన నెలలో ఒక పొద్దున నేను బడికి తయారవుతుంటే గోడ అవతల నుంచి పక్కింటి అక్క పిలిచింది. "టీచర్, బాపు పోయిండు. చాయ్ తాగి పండుకున్నడు, మళ్ల లేవలే" అంది. చేతిలో దువ్వెన అట్లాగే పట్టుకొని వెళ్లాను. ఎనభై దాటిన మనిషి, దవాఖాన మొహం చూడకుండా పోయాడు, అదృష్టవంతుడు అన్నారు వచ్చినవాళ్లందరూ. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఈ రోజు నేను నలభై మంది పిల్లల ముందు నిలబడి ఒక పాఠం గుక్క తిప్పుకోకుండా చెప్పగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

వరంగల్‌లో మా గల్లీ అంతా ఆయనను అవుసల బాపు అనేది. బంగారం పని చేసేవాడు. గ్యాసు మంటలు, మిషన్ నగలు వచ్చాక కుంపటి ఆర్పేశాడు గానీ అలవాట్లు మానలేదు. వాకిలి ఊడ్చిన చెత్తను వేళ్లతో కెలికి చూడనిదే పారబోయనిచ్చేవాడు కాదు. "బాపూ, ఇప్పుడు అండ్ల బంగారం యాడుంటది?" అని ఆయన కూతురు, మా పక్కింటి అక్క, నవ్వితే, "లేదని సూసినంకనే లేనట్టు బిడ్డా" అనేవాడు.

నేను హసన్‌పర్తి దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతాను. మూడేళ్ల కింద ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి నెల రోజులు మంచాన పడ్డాను. జబ్బు తగ్గింది, ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. నమాజులో వంగి లేస్తే ఆయాసం. ఒక వాక్యం పూర్తిచేయడానికి రెండుసార్లు ఆగాలి. హెడ్మాస్టర్ మంచివాడే, "క్లాసులు వద్దు మేడం, కొన్నాళ్లు ఆఫీసు పని చూసుకోండి" అన్నాడు. ఇరవై ఏళ్లుగా చెప్పిన పాఠం నోటిదాకా వచ్చి ఆగిపోతుంటే, ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఫోనులో డిడ్జెరిడూ చూశాను. ఆస్ట్రేలియా ఆదివాసుల వాద్యం. లోపలంతా చెదలు తినేసిన నిలువెత్తు కర్ర. ఒక చివర పెదవులు ఆనించి ఊదితే గుమ్మని మోగుతుంది, ఊపిరి తీసుకోవడానికైనా ఆగదు. నాకు కావలసింది ఇదే అనిపించింది. పైపుల దుకాణంలో నా భుజాల ఎత్తు ప్లాస్టిక్ పైపు కోయించాను. ములుగు నుంచి బస్సులో వచ్చే తోటి టీచర్ తేనెమైనం తెచ్చిపెడితే దాని మూతికి చుట్టాను. మొదటిసారి ఊదగానే మా అత్తమ్మ వంటింట్లోంచి, "ఎవరి బర్రె ఈనుతాంది?" అంది.

మూడో రోజు గోడ మీదుగా బాపు తల కనిపించింది. "టీచరమ్మా, ఆ పైపుల ఏమన్న ఇరికిందా?"

సిగ్గుపడుతూ సంగతంతా చెప్పాను. ఆగకుండా ఊదడం రావడం లేదన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకొని నా బుగ్గల వైపు చూశాడు. "గంతేనా? గది మేం దినాం జేసిన పనేనాయె. జర ఇటు రా."

లోపలికి వెళ్లి ఇత్తడి ఊదుగొట్టం తెచ్చాడు. టంకం కరిగి అతుక్కునేదాకా మంట ఒక్క తీరుగా ఉండాలట. మధ్యలో ఊపిరి తెగితే అతుకు చెడుతుంది. అందుకే వాళ్లు బుగ్గల్లో గాలి నిలవ పెట్టుకొని, దాన్ని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకుంటారు. దీపం వెలిగించి ఊది చూపించాడు. మంట పక్కకు వంగింది, వంగి అట్లాగే ఉండిపోయింది. నేను వంద దాకా లెక్కపెట్టి మానేశాను.

"బుగ్గ కుండ, ముక్కు బాయి. కుండ ఒడవకముందే తోడుకోవాలె" అన్నాడు. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే ఆయన అరుగు మీద కూర్చునేదాన్ని. విసుక్కుంటే, "నువ్వు తొందరపడితే టంకం తొందరపడదు" అనేవాడు. రెండు నెలలకు నా ఊపిరికి కూడా మంట వంగి నిలిచింది.

కానీ పైపు పట్టుకుంటే మొదట్లో వచ్చిన ఆ బర్రె అరుపు కూడా పోయింది. ఆయన చెప్పినట్టు పెదవులు బిగబట్టి ఊదుతున్నాను మరి. గాలి తప్ప మోత లేదు. "ఇంకా బిగబట్టు" అంటాడు ఆయన. బిగబడతాను. బుస్సుమంటుంది. పదిహేను రోజులు ఇద్దరం కలిసి అదే తప్పు చేశాం. ఒకనాడు నాకు ఒళ్లు మండి, పసిపిల్లలు చేసినట్టు పెదవులు వదిలేసి బుర్రుమనిపించాను. పైపు గుమ్మంది. అరుగు కింద కోడి లేచి ఉరికింది.

బాపు ఊదుగొట్టం పక్కన పెట్టాడు. తర్వాత, "నా పెదవులు అరవై ఏండ్లు కదలకుంట నేర్సుకున్నయి. నీయి కదలాలె. ఈడిదాంక నేను నేర్పిన, ఈడికెల్లి నీదే" అన్నాడు. తనకు తెలియనిది తెలియదని అంత తేలికగా చెప్పిన గురువును నేను మరొకరిని చూడలేదు. మా టీచర్లకు ఆ ఒక్క మాట అనాలంటే ప్రాణం మీదికి వస్తుంది.

రోజూ ఊదగా ఊదగా మాటకు ఊపిరి సరిపోసాగింది, ఆ ఏడాది చివర్లో తిరిగి క్లాసులో అడుగుపెట్టాను.

ఈ ఊదుడు మీ ఇంట్లో ఇంకెవరికి వచ్చు బాపూ అని ఒకసారి అడిగాను. ఆయనకు ఒక్కతే సంతానం, ఆ కూతురే. "బిడ్డ అడిగింది, చిన్నప్పుడు. ఆడపిల్లకు కుంపటి కాడ ఏం పని అన్న. నీకు నేర్పినంక తెలిసింది తప్పు జేసిన అని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని పిలువాలె?" అన్నాడు. నేను చెప్తానంటే వద్దన్నాడు. ఆయన మాట దాటి చెప్పి ఉంటే బాగుండేది. నాకు మిగిలిన బాధ అదొక్కటే.

దినాలు అయిపోయిన మర్నాడు అక్క మా ఇంటికి వచ్చింది. "బాపు నీకు నేర్పిండు, నాకు నేర్పలే" అంది. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. బాపు నాతో అన్నది అప్పుడు చెప్పాను. ఆమె కొంగు చివర మడతపెట్టి, మళ్లీ విప్పింది.

"మరి నువ్వు నేర్పుతవా?" అని అడిగింది.

గ్లాసు నిండా నీళ్లు పోసి, కొబ్బరిబోండం స్ట్రా వేసి ఇచ్చాను. యాభై దాటిన మనిషి బుగ్గలు పూరించుకొని ఊదింది. మొదటి వారం బుడగలు వచ్చేవి, ఆగిపోయేవి, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నిన్న సాయంత్రం బుడగలు ఆగలేదు. ముక్కు గాలి తీసుకుంటోంది, ఆ సంగతి ఆమెకే తెలియదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. గ్లాసులో నీళ్లు పొంగి వంటింటి గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి పారుతున్నాయి. బట్ట తెద్దామని లేవబోయి మళ్లీ కూర్చున్నాను. అక్క ఊదుతూనే ఉంది.